ఐటిన్ నంబర్లూ, భర్తగార్ల జవాబులూ

ముందే చెప్పేస్తున్నాను. ఐటిన్ నంబర్‌తో ఉద్యోగం చెయ్యకూడదు. దాన్ని చూపించి విమానం ఎక్కలేరు. అది వచ్చినంత మాత్రాన వీసా మారిపోదు. పద్నాలుగేళ్ళు ఈ మూడు ముక్కలే చెప్పి చెప్పి నా నోరు పడిపోయింది. ఇప్పుడు రిటైరయ్యానా, అయినా గుళ్ళో ప్రసాదం తింటుంటే ఎవరో ఒకరు పక్కకి చేరి, "ఆంటీ, మా మిసెస్‌కి ఐటిన్ వచ్చింది, ఇంక జాబ్ వెతుక్కోవచ్చా?" అంటారు. చేతిలో పులిహోర చల్లారిపోతుంది.

నేను డెట్రాయిట్ పక్కన ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక చిన్న ట్యాక్స్ ఆఫీసులో పనిచేశాను. రెండువేల ఒకటిలో చేరి, రెండువేల పదిహేను ట్యాక్స్ సీజన్ అయ్యాక మానేశాను. ఒక పక్క ఇండియన్ గ్రాసరీ, ఇంకో పక్క లాండ్రీ, మధ్యలో మా ఆఫీసు. చలికాలమంతా కార్పెట్ మీద ఉప్పు, మంచు, బూట్ల మురికి. ఓనరు మూర్తి గారు. ఆయన సిపిఎ, అంటే ఇక్కడి చార్టర్డ్ అకౌంటెంట్. నేను తెనాలిలో బ్యాంకులో పనిచేసి, మావారి వెంట ఇక్కడికొచ్చి, పని చేసే పర్మిట్ లేక కొన్నేళ్ళు కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చున్నదాన్ని. పర్మిట్ రాగానే దొరికిన మొదటి ఉద్యోగం ఇది. ఆఖరిదీ ఇదే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలు ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి అని అడుగుతుంటారు. అది మీకు నాకంటే బాగా వస్తుంది. నాకు తెలిసింది వేరే ఉంది. అది రాస్తాను.

నంబర్ సంగతి

ఇక్కడ పని చేసే అనుమతి ఉన్నవాళ్ళకి సోషల్ సెక్యూరిటీ నంబర్ ఇస్తారు. అందరూ 'సోషల్' అంటారు. ఆ అనుమతి లేనివాళ్ళకి, మన దగ్గరైతే ఎక్కువగా హెచ్-ఫోర్ వీసా మీద వచ్చిన భార్యలకి, అది ఇవ్వరు. కానీ భర్త ట్యాక్స్ రిటర్న్‌లో ఆమె పేరు పెట్టాలంటే ఏదో ఒక నంబర్ రాయాలి. అందుకోసం ఇచ్చేదే ఐటిన్. పన్ను రిటర్న్‌కి తప్ప ఇంక దేనికీ పనికిరాదని, అది గుర్తింపు పత్రం కాదని, వచ్చే లెటర్‌లోనే రాసి ఉంటుంది. ఆ లైన్ చదివిన మనిషిని నేను ఇంతవరకూ చూడలేదు.

దానికి అప్లికేషన్, రిటర్న్, పాస్‌పోర్ట్ కాపీ అన్నీ కలిపి టెక్సాస్‌లో ఆస్టిన్‌కి పోస్ట్‌లో పంపాలి. పంపిన మర్నాటి నుంచీ ఫోన్లు మొదలు. "ఆంటీ, నంబర్ వచ్చిందా?" రాలేదు నాయనా. నిన్ననే కదా పంపాం, ఇంకా స్టాంపు తడి ఆరలేదు. మళ్ళీ రెండు రోజులకి అదే గొంతు. "జస్ట్ చెక్ చేద్దామని ఆంటీ."

ఇక పేర్ల గోల. మనవాళ్ళ పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఉండాల్సిన చోట ఖాళీ, ఉండకూడని చోట ఇంటిపేరు. ఒకావిడ పాస్‌పోర్టులో పేరంతా ఇంటిపేరు గడిలోనే వేసేశారు. మొదటి పేరు లేదు కాబట్టి వీసా మీద 'ఎఫ్ఎన్‌యు' అని కొట్టారు. అంటే మొదటి పేరు తెలియదని. ఆ మూడక్షరాలనే పేరనుకుని బ్యాంకువాళ్ళు ఆమెకి 'డియర్ ఫ్నూ' అని ఉత్తరాలు రాశారు. వాళ్ళాయన వచ్చి, "మా ఆవిడ పేరు ఫ్నూ కాదండీ, లక్ష్మీ ప్రసన్న!" అని నా మీద అరిచాడు. నేనేదో బారసాల చేసి ఆ పేరు పెట్టినట్టు. పక్కనే కూర్చున్న లక్ష్మీ ప్రసన్న నోరు విప్పలేదు. కాగితాల్లో పేరు పోయినందుకు ఆమెకి కోపం వచ్చిందో, నవ్వొచ్చిందో ఇప్పటికీ నాకు తెలియదు. మేం అడగలేదు.

అడగకపోవడం మా ఆఫీసులో పద్ధతి. ఆ పద్ధతి మూర్తి గారిది.

మూర్తి గారి రూళ్ళు

ఆయన దగ్గర నేర్చుకున్నది చాలా ఉంది, కాదనను. పాస్‌పోర్ట్ ప్రతి పేజీ తిప్పి చూడాలనేవారు. "క్లయింట్ నోటితో చెప్పింది విని స్పెల్లింగ్ రాశారంటే, వసుంధర గారూ, ఆ ఫైలు మీరు రిటైరయ్యేదాకా మోస్తారు," అన్నారు చేరిన మొదటి వారంలోనే. నిజమే. అలా రాసిన వాళ్ళ ఫైళ్ళు కూడా నేనే మోశాను.

ఆయన ఇంకో రూలు మాత్రం నాకు మొదటి నుంచీ మింగుడుపడలేదు. ఒక ఇంటికి ఒక ఫోన్ నంబర్, మాట్లాడేది భర్తతోనే. "ఇద్దరితో మాట్లాడితే రెండు జవాబులొస్తాయండీ. సీజన్‌లో అంత టైమెక్కడుంది?" అనేవారు. మా ఫారంలో కూడా ఒక్క నంబర్‌కే చోటుండేది. దాంతో ఏమయ్యేదంటే, అప్లికేషన్ ఆమెది, పేరు ఆమెది, సంతకం ఆమెది, జవాబులన్నీ ఆయనవి. ఆవిడ పుట్టిన ఊరు ఏదంటే ఆయన చెప్తాడు. దేశంలోకి ఎప్పుడొచ్చిందంటే ఆయన ఫోన్‌లో వెతుకుతాడు. ఎదురుగా ఇంజనీరింగ్ చదివినవాళ్ళు, లెక్చరర్లుగా చేసినవాళ్ళు, బ్యాంకు మేనేజర్లుగా చేసినవాళ్ళు నోరు మూసుకుని గోడ మీద క్యాలెండర్ చూస్తుంటారు. ఒకాయన వాళ్ళావిడ పుట్టినరోజు రెండుసార్లు తప్పు చెప్పి, మూడోసారి ఆమె వైపు తిరిగి, "చెప్పొచ్చు కదా!" అని విసుక్కున్నాడు.

రెండువేల పన్నెండు వేసవి దాకా పాస్‌పోర్ట్ కాపీకి నోటరీ చేయించి పంపితే సరిపోయేది. ఆ వేసవిలో రూలు మారింది. ఒరిజినలే పంపాలి, లేదా పాస్‌పోర్ట్ ఇచ్చినవాళ్ళే సర్టిఫై చేసిన కాపీ పంపాలి అన్నారు. వీసా స్టాంపున్న పాస్‌పోర్టుని కవర్లో పెట్టి పోస్ట్‌లో వెయ్యమంటే మనవాళ్ళు ఊరుకుంటారా? అది తిరిగొచ్చేదాకా వాళ్ళకి నిద్ర లేదు, మాకు ప్రశాంతత లేదు.

తర్వాత మూర్తి గారు, నేను ట్రైనింగ్ తీసుకుని సర్టిఫైయింగ్ ఏజెంట్లమయ్యాం. అంటే మనిషిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, ఒరిజినల్ చూసి, కాపీ సరైనదేనని మేమే సర్టిఫై చెయ్యొచ్చు. పిల్లల పాస్‌పోర్టులు మాత్రం అప్పటికీ పంపాల్సిందే. పెద్దవాళ్ళవి అక్కడికక్కడే తిరిగి ఇచ్చేసేవాళ్ళం. ఈ తేడా ఎంత విడమరిచి చెప్పినా జనం బుర్రలో ఒకటే నిలిచింది: ఐటిన్‌కి అప్లై చేస్తే పాస్‌పోర్ట్ ఆస్టిన్ పోతుంది, ఎప్పుడొస్తుందో తెలియదు.

ఆ మాట ఒకాయనకి బాగా పనికొచ్చింది. ఇక్కడి నుంచి చెప్పబోయేది ఆయన సంగతే. పేర్లు మార్చాను.

స్రవంతి

నరేశ్ ట్రాయ్‌లో కార్ల విడిభాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు. అప్పటికి రెండేళ్ళుగా మా క్లయింట్. మర్యాదస్తుడు, నవ్వు ముఖం, వచ్చినప్పుడల్లా పక్క షాపులోంచి సమోసాలు తెచ్చి టేబుల్ మీద పెట్టేవాడు. వాళ్ళ ఆఫీసు నుంచి చాలామందిని మా దగ్గరికి పంపాడు. మూర్తి గారికి అతనంటే ప్రాణం.

రెండువేల పదమూడు ఫిబ్రవరిలో కొత్తగా వచ్చిన భార్యని తీసుకొచ్చాడు. పేరు స్రవంతి. ఖమ్మంలో జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేదట. ఆ సంగతీ అతనే చెప్పాడు. నేను ఆమెని చూసి అడిగితే అతను జవాబిస్తుంటే చివరికి, "ఆమెని చెప్పనివ్వు బాబూ, ఇంటర్వ్యూ ఆమెది," అన్నాను. నవ్వి, "తనకి ఇక్కడివి తెలియవు కదా ఆంటీ," అన్నాడు. ఆమె పుట్టిన తేదీ ఇక్కడిదా?

పాస్‌పోర్ట్ చూశాను, కాపీ తీశాను, సర్టిఫై చేశాను, ఒరిజినల్ టేబుల్ మీద పెట్టాను. నరేశ్ దాన్ని తనదానితో కలిపి ఫోల్డర్‌లో పెట్టుకున్నాడు. అలా పెట్టుకోని భర్తని నేను చూడలేదు కాబట్టి నాకేమీ అనిపించలేదు.

ఏప్రిల్ హడావుడి అయిపోయిన వారంలో ఆఫీసుకి ఫోనొచ్చింది.

"ఆంటీ, నేను నరేశ్ వాళ్ళ వైఫ్‌ని, స్రవంతిని. నా పాస్‌పోర్ట్ వాపస్ వచ్చిందా?"

"ఎక్కడి నుంచమ్మా?"

"ఆస్టిన్ నుంచి. తర్వాత ఒరిజినల్ గూడ కావాలన్నరని, ఐటిన్ కోసం పంపిన్రని ఆయన చెప్పిండు. ఇంకెన్ని రోజులు పడ్తది?"

రోజుకి ఇరవైమంది ఇదే అడుగుతారు కాబట్టి విసుగ్గా, "పెద్దవాళ్ళవి పంపం కదమ్మా," అనబోయాను. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోయింది. ఆమె గొంతులో తొందర అలా ఉంది.

"ఎందుకమ్మా, అంత అవసరమేంటి?"

జీఆర్ఈ పరీక్షకి స్లాట్ బుక్ చేసుకుందిట. డెట్రాయిట్‌లో యూనివర్సిటీలో మాస్టర్స్‌కి అప్లై చేద్దామని. ఒరిజినల్ పాస్‌పోర్ట్ చూపిస్తే తప్ప పరీక్ష హాల్లోకి రానివ్వరు. ఆమెకి లైసెన్స్ లేదు, ఇంకే కార్డూ లేదు. మార్చిలో ఒక స్లాట్ అలాగే పోయింది. మే నెలలో ఇంకోటుంది.

"నేను ఫైలు చూసి చెప్తానమ్మా. నీ నంబర్ ఇవ్వు, చేస్తాను."

"ఇంటికి చెయ్యకండి ఆంటీ. లైబ్రరీ నుంచి మాట్లాడుతున్న. గురువారం నేనే చేస్త."

ఫైలు చూశాను. చూడాల్సిన అవసరం లేదు, నాకు తెలుసు. అయినా చూశాను. పాస్‌పోర్ట్ అదే రోజు తిరిగి ఇచ్చినట్టు నా చేత్తో రాసి ఉంది.

మూర్తి గారి గదిలోకి వెళ్ళి చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ విన్నారు.

"ఫ్యామిలీ మేటర్ అండీ. మనకెందుకు? ప్రాసెసింగ్‌లో ఉందని చెప్పండి."

"ప్రాసెసింగ్‌లో ఉన్నది అప్లికేషన్, పాస్‌పోర్ట్ కాదు."

"నరేశ్ మన క్లయింట్."

"జాయింట్ రిటర్న్ అండీ. రెండు సంతకాలున్నాయి. ఆమె కూడా మన క్లయింటే."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని, "మీకు చెప్పడం నా వల్ల కాదు," అన్నారు. అది ఒప్పుకోవడమో కాదో నాకు అర్థం కాలేదు. నాకు అనుకూలంగా అర్థం చేసుకున్నాను.

బుధవారం స్రవంతి ఐటిన్ లెటర్ వచ్చింది. ఏజెంట్లుగా మేం పంపినవాటికి జవాబు మా అడ్రసుకే వచ్చేది. ఆ మధ్యాహ్నమే నరేశ్ ఫోన్ చేశాడు, వారానికోసారి చేసినట్టే. లెటర్ వచ్చిందని చెప్పాను.

"థాంక్యూ ఆంటీ. ఒక చిన్న హెల్ప్. స్రవంతికి ఇప్పుడే చెప్పకండి. తను ఎప్పుడైనా అడిగితే, లెటర్ రాలేదు, పాస్‌పోర్ట్ కూడా అక్కడే ఉందని చెప్పండి."

"పాస్‌పోర్ట్ నీ దగ్గరుంది కదా నరేశ్?"

"ఆఫీస్ డ్రాయర్‌లో సేఫ్‌గా పెట్టాను ఆంటీ." సిగ్గుపడుతున్నట్టు నవ్వాడు. "చదువు, ఎగ్జామ్ అని ఒకటే టెన్షన్ పెట్టుకుంటోంది. గ్రీన్ కార్డ్ ప్రాసెస్ మొదలయ్యే టైమ్. ఇప్పుడు స్టూడెంట్ వీసా అంటూ స్టేటస్ మార్చుకుంటే ఎక్కడ ఏం తిరగబడుతుందో. ఒక్క సంవత్సరం ఆగమంటే వినదు. గొడవపడే బదులు పాస్‌పోర్ట్ లేదంటే అయిపోతుంది కదా. మీరు పెద్దవారు, అర్థం చేసుకుంటారు."

నాకు అర్థమైంది. అందుకే ఒళ్ళు మండింది. కోపంతో అరిచే మనిషైతే నేనూ అరిచేదాన్ని. ఇతను సమోసాలు తెచ్చే మనిషి. వీసా భయం నిజమే, ఇక్కడ అది లేనిదెవరికి? కానీ ఆ భయం గురించి భార్యని ముందు కూర్చోబెట్టుకుని మాట్లాడాల్సింది పోయి, నన్నూ, ఆస్టిన్‌నీ అడ్డం పెట్టుకున్నాడు.

"నేను అబద్ధం చెప్పను నరేశ్," అన్నాను.

"అబద్ధం కాదు ఆంటీ, జస్ట్ కొంచెం డిలే," అన్నాడు.

గురువారం ఆమె ఫోన్ చేసింది. ఉన్నదున్నట్టు చెప్పాను. పాస్‌పోర్ట్ ఈ ఆఫీసు గడప దాటి ఆస్టిన్ వైపు పోనేలేదని, వాళ్ళాయన ఆఫీసులో ఉందని. లైబ్రరీలో ఎవరో చిన్నపిల్ల ఏడుపు వినపడుతోంది.

"నిన్నేమైనా అంటాడా అమ్మా? చెయ్యి చేసుకుంటాడా?"

"లేదు ఆంటీ. గట్టిగ గూడ మాట్లాడడు. అన్నిటికీ మంచిగ నవ్వుకుంటనే వద్దంటడు." ఆగి అంది, "నేను రోజూ మెయిల్‌బాక్స్ కాడికి పోయి చూస్తున్న. ఆయన గూడ వచ్చి నాతోని చూస్తున్నడు."

ఆమె ఫైలు మూసి పక్కన పెట్టాను.

"నేనేం చెయ్యాలో నువ్వే చెప్పమ్మా," అన్నాను.

"శనివారం మేం గ్రాసరీకి వస్తం. నేను మీ ఆఫీసులకి వస్త. ఆయన ముందర్నే చెప్పండి. నేనొక్కదాన్నే పోయి అడిగితే మళ్ళ ఏదో ఒకటి చెప్తడు."

శనివారం

శనివారం సన్నగా వాన పడుతోంది. స్రవంతి కొత్తిమీర కట్ట చేత్తో పట్టుకుని తలుపు తోసుకుని వచ్చింది. వెనకాలే, బ్యాగులు కార్లో పెట్టి, తాళాలు ఊపుకుంటూ నరేశ్. "ఇక్కడికెందుకు వచ్చినవ్?" అంటూనే నన్ను చూసి నవ్వాడు.

ఆమె కూర్చోలేదు. "ఆంటీ, నా పాస్‌పోర్ట్ ఎక్కడున్నది?"

"ఫిబ్రవరిలో ఇక్కడే చూసి, ఇక్కడే తిరిగి ఇచ్చేశానమ్మా. ఆస్టిన్ వెళ్ళింది కాపీ."

నరేశ్ ముఖం ఎర్రబడింది. "ఆంటీ, మీతో మాట్లాడాను కదా!" అని, గుమ్మంలో నిలబడిన మూర్తి గారి వైపు తిరిగాడు. "మూర్తి గారూ, మీరైనా చెప్పండి."

మూర్తి గారు నన్ను చూశారు, అతన్ని చూశారు, కాసేపు సమోసాల ప్లేటుండే చోటు చూశారు. ఆ రోజు అది ఖాళీ. "మా రికార్డులో అదే రోజు రిటర్న్ చేసినట్టుంది నరేశ్ గారూ," అన్నారు. గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. ఆయన్ని ఎన్ని తిట్టుకున్నా, ఆ ఒక్క వాక్యానికి మాత్రం నేను ఇప్పటికీ దణ్ణం పెడతాను.

"యాడ పెట్టినవ్?" అంది స్రవంతి.

"ఆఫీస్‌లో. సేఫ్‌గా ఉంటదని..."

"పోయి తే."

"సోమవారం తెస్త."

"ఇప్పుడే తే. నువ్వు తెచ్చేదాంక నేను ఇక్కడ్నే కూసుంట."

"కార్ల ఫ్రోజెన్ సామాను ఉన్నది స్రవంతీ. కరిగిపోతది."

"కరగనీ."

ఆమె వెళ్ళి కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. కొత్తిమీర ఒళ్ళో పెట్టుకుంది. నరేశ్ కాసేపు నిలబడ్డాడు. ఇంకో క్లయింటు తలుపు తీసుకుని లోపలికి వస్తే పక్కకి జరిగి, ఆ తెరిచిన తలుపులోంచే బయటికి వెళ్ళిపోయాడు.

ట్రాయ్ అక్కడికి పెద్ద దూరమేం కాదు. అయినా ఆ వేళ నాకు చాలా దూరంగా అనిపించింది. వచ్చినాయన రిటర్న్ చేస్తూ రెండు తప్పులు కొట్టాను. స్రవంతికి ఐటిన్ లెటర్ ఇచ్చాను. ఆమె ఆసాంతం చదివింది. ఎవ్వరూ చదవని లైన్ దాకా చదివింది.

"ఇది గుర్తింపు కాదని రాసిన్రు ఆంటీ."

"అవునమ్మా."

"నా పేరున్నది, నంబరున్నది, నాదే అని రాసున్నది. మరి నేనే అని ఇది చెప్పదా?"

"చెప్పదు."

"ఎందుకు చెప్పదు?"

నా టిఫిన్ బాక్సులో పెరుగన్నం ఉంటే సగం పెట్టాను. తింది. మాగాయ ముక్క కూడా తింది.

నరేశ్ తిరిగొచ్చేసరికి జుట్టంతా తడిసిపోయి ఉంది. పాస్‌పోర్ట్ కౌంటర్ మీద పెట్టాడు. ఆమె లేచి, తెరిచి, ఫోటో పేజీ చూసి, వీసా పేజీ చూసి, తన హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుని జిప్ వేసింది.

"పోదామా?" అన్నాడతను.

"పోదాం," అంది. నా వైపు తిరిగి, "వస్త ఆంటీ," అంది.

నేను కిటికీలోంచి చూశాను. ఇద్దరూ కార్లో కూర్చున్నారు. కారు చాలాసేపు కదల్లేదు. వైపర్లు అటూ ఇటూ తిరుగుతున్నాయి. ఆమె చేతులు ఊపుతూ ఏదో చెప్తోంది. అతను స్టీరింగ్ పట్టుకుని ముందుకి చూస్తున్నాడు. తర్వాత వెళ్ళిపోయారు.

మూర్తి గారు గదిలోంచి వచ్చి, "ఇప్పుడు సంతోషమేనా వసుంధర గారూ?" అన్నారు.

సంతోషం కాదు. ఆ అమ్మాయిని అదే కార్లో అదే ఇంటికి పంపాను. మంచే చేశానో, లేని గొడవ పెట్టానో తెలియదు. నా నంబర్ చీటీ మీద రాసి ఆమె బ్యాగులో పెట్టడం తప్ప నేను చెయ్యగలిగింది లేకపోయింది.

తర్వాత

మరుసటి సీజన్‌లో నరేశ్ రాలేదు. అతను పంపినవాళ్ళలో సగంమంది రాలేదు. మూర్తి గారు ఆ సంగతి వారం వారం గుర్తుచేశారు.

కానీ ఆ సీజన్ మధ్యలో ఒకరోజు ఆయన గదిలోంచి మాటలు వినపడ్డాయి. కొత్తగా వచ్చిన దంపతులు. "ఆవిడ ఫోన్ నంబర్ కూడా రాయండి. విడిగా. ఆవిడదే, మీది కాదు," అంటున్నారు. ఆ భర్త ఏదో గొణిగాడు. "మా ఆఫీసు రూలండీ," అన్నారు మూర్తి గారు చిరాగ్గా. అదెప్పటి నుంచో ఉన్న రూలైనట్టు.

కాబట్టి పిల్లలూ, సాఫ్ట్‌వేర్ ఏదైనా వాడుకోండి. అప్లికేషన్ ఎవరిదో వాళ్ళని అడగండి. పక్కవాళ్ళు జవాబిస్తే, మళ్ళీ అడగండి. పాస్‌పోర్ట్ టేబుల్ మీద పెట్టకండి, ఎవరిదో వాళ్ళ చేతిలో పెట్టండి. టైమ్ పడుతుంది, బాసులు విసుక్కుంటారు, క్లయింట్లు అలుగుతారు. పడనివ్వండి. భార్యాభర్తల మధ్య తీర్పు చెప్పడం మన పని కాదు, నిజమే. కానీ ఒకరికి చెప్పే అబద్ధంలో మన ఆఫీసు పేరు వాడుకుంటుంటే, అది మన పనే.

నేను రిటైరయ్యే ముందు నెలలో పక్క షాపులో బెండకాయలు ఏరుకుంటున్నాను. "నమస్తే ఆంటీ," అన్నారెవరో. తలెత్తితే నరేశ్. కొంచెం లావయ్యాడు.

"ఆ రోజు నన్ను చాలా ఇన్‌సల్ట్ చేశారు ఆంటీ," అన్నాడు.

"అయ్యుండొచ్చు బాబూ," అన్నాను.

అతను ఒక బెండకాయ తీసి చివర విరిచి చూసి బుట్టలో వేశాడు. "స్రవంతి స్టూడెంట్ వీసాకి మారి మాస్టర్స్ చేస్తోంది. ఎగ్జామ్ బాగా రాసింది. టీచింగ్ అసిస్టెంట్‌గా కూడా తీసుకున్నారు, ఫస్టియర్ పిల్లలకి కెమిస్ట్రీ ల్యాబ్ తనే చూస్తుంది." చెప్తుంటే అతని గొంతులో గర్వం దాగలేదు. "మంచు పడితే నేనే డ్రాప్ చేస్తాను. తనకింకా హైవే అంటే భయం."

"చాలా సంతోషం," అన్నాను. నిజంగానే.

"ఆంటీ, ఒక డౌట్. ఉద్యోగం వచ్చింది కదా, తనకి సోషల్ నంబర్ వచ్చింది. ఇప్పుడు ఆ పాత ఐటిన్ ఏం చెయ్యాలి? లెటర్ ఏదో రాయాలంట కదా. నేను రాసి పంపేయనా?"

బెండకాయల మధ్య నిలబడి నేను ఆ మనిషి ముఖంలోకి చూశాను. ఎంత అమాయకంగా అడిగాడో! ఆ రోజు జరిగిందంతా జరిగాక కూడా.

"ఆమెని ఫోన్ చెయ్యమను నరేశ్," అన్నాను.

మర్నాడు పొద్దున్న ఆఫీసు తలుపు తీస్తుండగానే ఫోన్ మోగింది. స్రవంతే.